నారి అత్తయ్య దగ్గర, విల్లు నా దగ్గర

మా ఇంట్లో ఒక వేట విల్లు ఉంది. వేటగాళ్ళు మాత్రం ఎవరూ లేరు. మేం నేతవాళ్ళం. బండారులంకలో ఒకప్పుడు మా వీధి పొడుగునా మగ్గాల చప్పుడే. మా తాత నేసిన చీరలు మూటకట్టి భుజాన వేసుకుని, గోదావరి దాటి మన్యం సంతల దాకా వెళ్ళి అమ్ముకొచ్చేవాడు. అలా ఒకసారి రంపచోడవరం సంతలో రెండు ముతక చీరలిచ్చి ఈ విల్లు తెచ్చాడు. ఎందుకు తెచ్చాడో ఎవరికీ తెలియదు. ఆ రెండు చీరలూ అమ్ముడుపోక ఇది తెచ్చాడని మా నాయనమ్మ అనేదట.

వెదురు విల్లు. నిలబెడితే నా గడ్డం దాకా వస్తుంది. మధ్యలో చెయ్యి పట్టుకునే చోట నున్నగా అరిగిపోయి ఉంటుంది. ఆ అరుగుదల మా వాళ్ళ వల్ల వచ్చింది కాదు, తాతకి దాన్ని అమ్మినాయన చేతి గుర్తు.

విల్లుతో పాటు తాత ఒక రూలు కూడా మూటకట్టుకొచ్చాడు. ఆడవాళ్ళు నారి ముట్టుకుంటే ఆ విల్లుకి వేట పడదట. సంతలో ఎవరైనా చెప్పారో, దారిలో తనే కల్పించుకున్నాడో చెప్పలేను. వేటన్నది మొదలే పెట్టని ఇంట్లో ఈ రూలు మాత్రం ఏకాదశి ఉపవాసంలా నిష్ఠగా సాగింది. అందులోనూ ఒక వెసులుబాటు ఉంది. రూలు నారికే గాని కర్రకి కాదు. పురుగు పట్టకుండా కర్రకి ఏటా దసరాకి కొబ్బరినూనె రాయాలి కదా, అది ఆడవాళ్ళ పనే. నూనె రాయడానికి పనికొచ్చిన చెయ్యి నారి దగ్గరకి వచ్చేసరికి పనికిరాకుండా ఎలా పోయిందని మా ఇంట్లో ఒక్క మగాడూ అడగలేదు. నేనూ అడగలేదు, నన్ను వేరే లెక్క వెయ్యనక్కర్లేదు.

ఆ నూనె పని మా మేనత్తది. ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టింది, ఇప్పుడు ఆవిడకి డెబ్బై ఆరు. పక్క సందులోనే ఇచ్చారు గనక పెళ్ళయ్యాక కూడా దసరాకి వచ్చి నూనె రాసి వెళ్ళేది. మావయ్య పోయాక మా పెరటి గదిలోకి తన మగ్గంతో సహా వచ్చేసింది. ఇప్పటికీ పొద్దున్నే ఒక గంటైనా మగ్గం గుంటలో దిగకపోతే కాళ్ళు లాగుతాయంటుంది. పడుగు పోగుల మధ్య నాడె విసిరి విసిరి ఆవిడ ముంజేతులు తాళ్ళు పేనినట్టుంటాయి. నా చేతులకి ఆ భాగ్యం లేదు. నాకు మగ్గం రాలేదు, అమలాపురంలో ఫొటోస్టాట్ షాపు పెట్టుకున్నాను. విల్లుకున్న అసలు నారి, వెదురు బద్దతో చేసింది, నా చిన్నప్పుడే ఎండి చీలి ఊడిపోయింది. నారి ఊడినా రూలు ఊడలేదు.

షాపులో నా కుర్చీ వెనక ఒక దసరా ఫొటో ఉంటుంది. పూజలో పెట్టిన మగ్గం, దాని పక్కన గోడకి ఆనించిన విల్లు. మొన్న వేసవిలో ఒకాయన ప్లాను కాగితాలు కాపీ తీయించుకోవడానికి వచ్చి ఆ ఫొటో దగ్గర ఆగిపోయాడు. రాజోలు వైపు గోదావరి ఒడ్డున కొత్తగా కడుతున్న ఒక రిసార్టుకి పాత సామాన్లు ఏరి తెచ్చి అలంకరించే కాంట్రాక్టు ఆయనది. అప్పటికే తిరగళ్ళు, రోళ్ళు, పడవ తెడ్లు, లాంతర్లు పోగేశాడు. రోట్లో నీళ్ళు పోసి పూలు తేలుస్తామని చెప్పాడు. పప్పు రుబ్బిన రోలు ఆ మాట వింటే ఏమనుకుంటుందోనని నాకు నవ్వొచ్చింది.

"ఈ విల్లు తమరిదేనాండి?" అన్నాడు.

"ఆయ్, మా తాతగారిదండి. దీంతో ఆయన చిరుతపులిని కొట్టేరండి," అన్నాను.

ఎందుకన్నానంటే అలవాటు. నాలుగో తరగతిలో కుందేలుతో మొదలుపెట్టాను. హైస్కూల్లో అది అడవిపంది అయింది. ఇంటర్లో చేరేసరికి చిరుతపులి. ఇంకో రెండేళ్ళు చదివి ఉంటే ఏనుగు దాకా వెళ్ళేవాణ్ణి.

ఆదివారం ఆయన ఇంటికొచ్చి విల్లు చూశాడు. రెండు చేతులతో పట్టుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, అరిగిన చోట బొటనవేలితో రాసి చూసి, ఒక ధర చెప్పాడు. నేను తలెత్తి మా ఆవిడ వంక చూశాను. మా ఆవిడ అప్పటికే విల్లు తగిలించే గోడ వంక చూస్తోంది.

"అమ్మెయ్యండి. అక్కడ కాలెండరన్నా కొట్టుకోవచ్చు," అంది.

నేను సరేనన్నాను. పై వారం గురువారం వచ్చి తీసుకెళ్తానన్నాడాయన. వెళ్తూ వెళ్తూ రెండు షరతులు పెట్టాడు. ఒకటి, విల్లు చరిత్ర ఒక కాగితం మీద రాసివ్వాలి, పక్కన తగిలిస్తారు. రెండోది నారి.

"నారి లేకపోతే చూసినోళ్ళు దండెం కర్ర అనుకుంటారండి. ఏదో ఒకటి కట్టించండి. కానీ లాగి చూడకండేం. పాత వెదురండి, ఫట్టుమంటది. ముక్కలైతే నాకొద్దండి మరి."

ఇదంతా జరుగుతున్నంతసేపూ అత్తయ్య పెరటి గుమ్మంలో కూర్చుని నూలు కండెలు చుట్టుకుంటోంది. అమ్మమని అనలేదు, వద్దనీ అనలేదు. ఎప్పుడూ మాట్లాడే మనిషి మాట్లాడకపోతే అనుమానించాలన్న ఇంగితం నాకు లేకపోయింది.

నారి వేటలో పడ్డాను. మా తాత కుటుంబంలో వేట అంటూ జరిగింది అదొక్కటే. మొదట కొబ్బరి పీచు తాడు కట్టాను. విల్లుకి గడ్డం మొలిచినట్టుంది. తరవాత అల్లవరం వైపు వెళ్ళే ఒకాయన చేత వలలకి వాడే నైలాను తాడు తెప్పించాను. ఫొటో తీసి కాంట్రాక్టరుకి పంపితే, "పచ్చగా ఉందేంటండీ?" అని ఒకే ముక్క జవాబిచ్చాడు. నైలాను విప్పుతుంటే అత్తయ్య కండె పక్కన పెట్టింది.

"ఒరేయ్, నేతింట్లో పుట్టి తాడు కోసం చేపలోళ్ళ దగ్గరికి వెళ్ళేవా? ఇలా తే," అంది.

ఆ సాయంత్రం ఆవిడ మగ్గం మీద నిలువుగా పట్టే పడుగు నూలు తీసింది. పోగుకి పోగు చేర్చి, మూడు పాయలు చేసి, ఒక కొస మగ్గం గుంజకి కట్టి, రెండో కొస నడుముకి చుట్టుకుని వెనక్కి వంగి పేనింది. పేనినంత మేరా గంజి రాసింది. మర్నాడు ఎండలో ఆరబెట్టి తేనెమైనం పట్టించింది. రెండు కొసలకీ ముడులు కావు, ఉచ్చులు వేసింది. ముడి అయితే లాగేకొద్దీ కోస్తుందట. అవన్నీ ఎవరు నేర్పారని అడిగితే, "ఎవడు నేర్పుతాడు? నూనె రాసినప్పుడల్లా ఆ కొసలు చూసేదాన్ని," అంది.

పల్చగా, మెరుస్తూ, వేలితో మీటితే పలికేలా ఉంది నారి. చెయ్యి చాచాను. ఆవిడ నారిని చుట్టచుట్టి బొడ్లో దోపుకుంది.

"ఇస్తాను. ముందు నేనొక్కసారి లాగి బాణం వెయ్యాలి."

నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

"అత్తయ్యా, లాగితే విరుగుతుందన్నాడు కదా ఆయన!"

"విన్నాను."

"విరిగితే కొనడు."

"అదీ విన్నాను."

అప్పుడు చెప్పింది. పదేళ్ళ వయసులో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేరనుకుని స్టూలెక్కి విల్లు దింపిందట. నారి మీద వేలు పెట్టిందట, అంతే. టుంగుమంది. మగ్గం గుంటలో చప్పుడు లేకుండా పోగులు అతుక్కుంటున్న తాత లేచొచ్చాడు.

"కొట్టలేదురా. కొట్టినా మర్చిపోదును. చెంబుతో పసుపునీళ్ళు తెచ్చి ఆ నారి కడిగేరు. నన్ను ఎదురుగా నిలబెట్టి, నా వేలు తగిలిన చోట కడిగేరు. తుడిచి మళ్ళీ గోడకి పెట్టేసి, వచ్చే దసరాకి నూనె మాత్రం బాగా రాయమన్నారు."

ఆవిడ మామూలు గొంతుతోనే చెప్పింది, ఊరగాయ కొలతలు చెప్పినట్టు. నేను మాత్రం ఆ పూట పెద్దమనిషిలా ప్రవర్తించలేదు. ఆయనకి మాటిచ్చానన్నాను. నీ వయసులో భుజం పట్టేస్తే ఎవరు చూస్తారన్నాను. అసలు ఆ విల్లు ఎవరిదని కూడా అన్నాను. ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది.

"విల్లు నీదే నాన్నా," అంది అత్తయ్య. "విల్లు నీ దగ్గరే ఉంచుకో. నారి నా దగ్గరుంటుంది."

రెండు రోజులు అలాగే నడిచింది. మా ఆవిడ కాలెండరు సంగతి మర్చిపోయి రాత్రికి రాత్రే పార్టీ మారిపోయింది. "ఆవిడ అడిగిందేంటండీ, వడ్డాణమా?" అని కంచం కాస్త గట్టిగానే పెట్టింది. మా ఇంట్లో గుసగుస వీధిలో దండోరా. బస్సు దగ్గర నిలబడితే ఒకరు, "బాణం ఎప్పుడండీ?" అన్నారు. షాపుకొచ్చి ఆధార్ కార్డు కాపీ తీయించుకున్న ఒక పెద్దాయన చిల్లర తీసుకుంటూ, "పోన్లెండి, పెద్దావిడ. ఒక్కసారి కానివ్వండి," అన్నాడు. ఆయనెవరో నాకు తెలియదు. బండారులంక మనిషి కూడా కాడు.

బుధవారం షాపులో కూర్చుని, కాంట్రాక్టరు అడిగిన చరిత్ర టైపు చేశాను. తాత, మన్యం, సంత, చిరుతపులి. చాలా గంభీరంగా వచ్చింది. ఇంటికి తెచ్చి అత్తయ్యకి ఇచ్చాను, బిగుసుకున్న వాతావరణం కొంచెం సడలుతుందేమోనని. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివింది.

"చిరుతపులా? మీ తాత కాకిని కూడా కొట్టలేదురా. ఒకసారి పెరట్లో పందికొక్కు కనపడితే నన్నే కర్ర తెమ్మని, తను మంచమెక్కేరు." కాగితం తిప్పి వెనక చూసింది. "ఇంతేనా?"

"ఇంకేముంది రాయడానికి?"

"అదే చూస్తున్నాను," అని కాగితం ఇచ్చేసింది.

ఆ కాగితం మళ్ళీ చదువుకున్నాను. లేని పులి ఉంది. అరవై ఎనిమిది దసరాలు నూనె రాసిన మనిషి లేదు. ఆ నూనే లేకపోతే మా కొబ్బరి తోటల తేమకి ఆ వెదురు ఎప్పుడో పుచ్చి పొడైపోయేది, కొనడానికి వచ్చినాయనకి కొనడానికి ఏమీ ఉండేది కాదు. నాకు సిగ్గేసింది. తాత మీద కోపం కూడా వచ్చింది, చనిపోయినాయన మీద కోపం రావడం అంత సుఖం కాదు. విల్లు తీసుకెళ్ళి పెరటి గదిలో ఆవిడ మంచం మీద పెట్టాను.

"పొద్దున్నే వేద్దాం, ఎవరూ లేవకముందు," అన్నాను.

మా ఊళ్ళో పడుగులు బారుగా చాపి గంజి పెట్టే సందు ఒకటుంది. వంకర లేకుండా కాలువగట్టు దాకా పోతుంది. అత్తయ్య ఆ సందే ఎంచుకుంది. గోనెసంచి నిండా కొబ్బరి డొక్కలు కుక్కి అటు చివర నిలబెట్టాను. బాణానికి మేదరి ఇంటి నుంచి తెచ్చిన వెదురు పుల్ల, ముందు గుడ్డ చుట్టాం, ఎవరికైనా తగిలినా గుచ్చుకోకుండా. ఎవరూ లేవకముందు అనుకున్నాం గాని మేం వెళ్ళేసరికి సందు రెండు పక్కలా అరుగుల మీద జనం కాఫీ గ్లాసులతో సహా కూర్చుని ఉన్నారు. సినిమాకి రిజర్వేషన్ చేయించుకున్నట్టుంది. ఎవరు చెప్పారని నేను మా ఆవిడ వంక చూస్తే ఆవిడ ఆకాశం వంక చూసింది.

నారి ఎక్కించడం ఇద్దరి పని. విల్లు ఒక కొస నేల మీద ఆనించి, మోకాలుతో నడుం నొక్కి నేను వంచాను. అది మూలిగింది. నా గుండె కూడా మూలిగింది. అత్తయ్య ఉచ్చు ఎక్కించింది. చేతులు తీసేశాను. విరగలేదు. నా జన్మలో మొదటిసారి ఆ విల్లుని విల్లులా చూశాను, అంతకుముందంతా అది గోడ మీద ఒక గీత.

అత్తయ్య చీర చెంగు దోపింది. చెప్పులు విడిచింది. బాణం పెట్టి నారి మీద వేళ్ళు వేసింది. లాగింది. సగం దాకా లాగి వదిలేసింది. బాణం నాలుగడుగుల దూరంలో పడి దొర్లింది. జనం ఘొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది అత్తయ్యే.

"భయపడ్డానర్రా! విరుగుద్దేమోనని ఈడి మొహం చూసేను," అని నన్ను చూపించింది. "ఒరేయ్, నువ్వు అటు తిరుగు."

నేను గోడ వైపు తిరిగాను. అందుకని ఆవిడ బాణం వెయ్యడం నేను చూడలేదు. ఊళ్ళో అందరూ చూశారు, నేను చూడలేదు. విన్నాను మాత్రం. వెదురు కిర్రుమంది. ఆ కిర్రు చాలాసేపు సాగింది, ఇంక ఆపదేమో అన్నంతసేపు. తరవాత టుంగుమని మోగింది. నేను తిరిగేసరికి అందరి తలలూ పైకెత్తి ఉన్నాయి. బాణం గోనెసంచి మీద నుంచి, కొబ్బరి మొవ్వుల పక్క నుంచి, కాలువ దాటి అవతల చేలో ఎక్కడో దిగింది. తరవాత ఎంత వెతికినా దొరకలేదు.

"తగల్లేదు కదత్తయ్యా," అన్నాను, ఏమనాలో తెలియక.

"ఎవడికి తగలాల్రా? వెళ్ళింది కదా!"

మొహం అంతా ఎర్రబడి, జుట్టు ముడి ఊడిపోయి, బొటనవేలు నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది. నారి చర్మం లేపేసింది. ఆవిణ్ణి అంత సంతోషంగా నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది, కాఫీ వేడిగా ఉందన్నాను. కాఫీ గ్లాసు నా చేతిలో లేదని మా ఆవిడ గుర్తుచేసింది.

అదే రోజు పదకొండింటికి కాంట్రాక్టరు కారులో వచ్చాడు. దూది, బబుల్ పేపరు, పొడుగాటి అట్టపెట్టె, అన్నీ తెచ్చుకున్నాడు. నారి చూసి ముచ్చటపడిపోయాడు.

"ఎవరు పేనేరండీ? మ్యూజియంలో కూడా ఇలా ఉండదండి!"

"మా అత్తయ్యగారండి. పొద్దున బాణం కూడా వేసేరు," అన్నాను. దాచి అమ్మడం నాకిష్టం లేదు.

ఆయన అట్టపెట్టె కింద పెట్టేశాడు. వంగి, కర్ర పొడుగునా వేళ్ళు పెట్టి వెతికాడు. ఎక్కడా చీలిక లేదు. ఊపిరి పీల్చుకుని, "పోన్లెండి. ఇంక ఎవరూ ముట్టుకోరు. గాజుపెట్టెలో పెట్టి తాళం వేసేస్తామండి," అన్నాడు.

అత్తయ్య బొటనవేలికి గుడ్డ చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"బాబూ, అక్కడికి ఆడపిల్లలు వస్తారా?"

"వస్తారండీ, ఫ్యామిలీలే ఎక్కువండి."

"ఒక పిల్ల లాగి చూస్తానని అడిగితే?"

"గాజుపెట్టె కదండమ్మా," అని నవ్వాడాయన. "చూడ్డానికేనండి."

అత్తయ్య ఆయన్ని వదిలేసింది. నా వంక చూసింది. ఎంతైనా విల్లు నాది, ఆ మాట అన్నది నేనే. మా వైపు ఎవరికైనా కాదని చెప్పడానికి ఒక పద్ధతి ఉంది. ముందు కూర్చోమనాలి, కాఫీ ఇవ్వాలి, వర్షాల గురించి మాట్లాడాలి, ఇంకో కాఫీ ఇవ్వాలి, చూద్దాంలెండి అనాలి, అవతలివాళ్ళే అర్థం చేసుకుని లేవాలి. నాకు అంత ఓపిక లేకపోయింది.

"అమ్మటం లేదండి. ఏమనుకోకండేం," అన్నాను.

ఏమీ అనుకోలేదాయన, లేదా అనుకున్నా మర్యాదస్తుడు గనక పైకి అనలేదు. ధర కొంచెం పెంచి చూశాడు. మా ఆవిడ బలవంతాన భోజనం పెట్టింది. వెళ్ళేటప్పుడు మా పాత కవ్వం ఒకటి కొనుక్కెళ్ళాడు.

ఇప్పుడు సాయంత్రం ఐదు దాటితే మా సందులో నిలబడ్డానికి చోటుండదు. మగ్గాలకి నూలు ఆసు పోసే ఆవిడ వస్తుంది, ఆవిడ ముగ్గురు మనవరాళ్ళు వస్తారు, మా ఆవిడ వంట ఆపి వస్తుంది. వాళ్ళు వంతులేసుకుని విల్లు లాగుతుంటే ఇంటర్ పిల్లలు ఫోన్లలో వీడియోలు తీసుకుంటారు. వెదురు పుల్లలకి గుడ్డ చుట్టడం, కాలువవతల చేలోకి వెళ్ళి బాణాలు ఏరుకురావడం నా డ్యూటీ. లాగినప్పుడల్లా ఆ కర్ర కిర్రుమంటూనే ఉంది, ప్రతి కిర్రుకీ నేను కళ్ళు మూసుకుంటూనే ఉన్నాను.

మొన్న ఉండబట్టలేక అనేశాను. "అత్తయ్యా, ఇలా అందరికీ ఇస్తూ పోతే ఏదో ఒకరోజు విరిగిపోతుంది."

ఆవిడ ఒక పిల్ల మోచెయ్యి సరిచేస్తోంది. నా వైపు తిరగనైనా తిరగలేదు.

"విరిగితే నీళ్ళ పొయ్యిలోకి పనికొస్తుంది లేరా," అంది. "ఇన్నేళ్ళూ దేనికీ పనికిరాలేదు."